యంత్రానికి చెప్పిన బరువు

మా ఆయన సైకిలు తొక్కి ఎక్కడికీ వెళ్లడు. హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఎక్కి కూర్చుంటాడు, చెమటతో తడిసి ముద్దయ్యేదాకా తొక్కుతాడు, ఎక్కిన చోటే దిగుతాడు. దిగాక రొప్పుతూ, "ఈరోజు పెద్ద కొండ ఎక్కాను తెలుసా" అంటాడు. కొండెక్కినవాడికి చెప్పులైనా అరుగుతాయి. ఈయన కొండెక్కితే అరిగేది నా ఓపిక, తడిసేది నా కార్పెట్టు.

దీనికంతటికీ మూలం మా అన్నయ్యగారు. అన్నయ్యగారంటే నా తోడబుట్టినవాడు కాదు, మా ఆయన అక్కగారి భర్త. వేరే ఊళ్లో ఫైర్ స్టేషన్‌లో ఆఫీసరు. తడిసిన గొట్టాలు భుజాన వేసుకుని నిచ్చెనలెక్కే మనిషి. మా ఆయనది కళ్లజోళ్ల షాపు. రోజంతా స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, వచ్చినవాళ్ల ముక్కుమీద పెట్టి "ఇప్పుడెలా ఉందండీ?" అని అడగడం ఆయన పని. నేను పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో చేస్తాను. ఊళ్లోవాళ్ల కళ్లూ పళ్లూ చక్కబెట్టి సంసారం నడుపుకుంటున్నాం. అందులో నాకేమీ లోటు లేదు, మా ఆయనకే ఒక లోటు ఉండిపోయింది.

అన్నయ్యగారు పెళ్లిచూపులకి మొదటిసారి మా అత్తగారింటికి వచ్చినప్పుడు మా ఆయనకి ఇంకా మీసాలు రాలేదట. పసుపు చొక్కా వేసుకుని, గోడవారన గుండ్రంగా కూర్చుని బిస్కెట్లు తింటున్నాడట. కాబోయే బావగారు చూసి, "ఈ గుమ్మడికాయ ఎవరండీ?" అన్నారట. ఇల్లంతా పగలబడి నవ్విందట. ఆ రోజు నుంచి మా ఆయన గుమ్మడి. చొక్కా పోయింది, మీసాలు వచ్చాయి, పెళ్లయింది, షాపు పెట్టాడు, జుట్టు పలచబడింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పోనీ ఇంట్లో అంటే ఎవరు పట్టించుకుంటారు! ఒకసారి అన్నయ్యగారు షాపుకే వచ్చారు. అప్పుడు కాలేజీ ప్రిన్సిపాల్‌గారు అద్దం ముందు కూర్చుని ఫ్రేములు చూసుకుంటున్నారు. చూపు తగ్గడం గురించి మా ఆయన ఆయనకి గంభీరంగా ఉపన్యాసం ఇస్తున్నాడు. వెనకనుంచి "ఒరేయ్ గుమ్మడీ, ఆ నల్ల ఫ్రేము నాకోటి తియ్యరా" అని గొంతు. ప్రిన్సిపాల్‌గారు మర్యాదస్తుడు, నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆయన పడిన అవస్థే మా ఆయన్ని చంపేసింది. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మామూలుగా ఇలాంటివాటికి నేనే ముందు నవ్వుతాను, కానీ ఆ రోజు ఆయన వీపు చూస్తే నాకు నిజంగా బాధేసింది.

అలాగని అన్నయ్యగారు చెడ్డవారా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన ప్రేమగానే పిలుస్తారు, ప్రేమగానే ఓడిస్తారు. క్యారమ్స్, చదరంగం, ఈత, ఆఖరికి పజిళ్లు పూర్తిచేయడం, ఏది పెట్టినా బావదే గెలుపు. ఓడించాక భుజం మీద ఒక్కటి చరిచి, "పోన్లేరా గుమ్మడీ, మళ్లీ చూద్దాం" అంటారు. భుజం రెండు రోజులు నొప్పెడుతుంది. మాట అంతకంటే ఎక్కువ రోజులు నొప్పెడుతుంది.

అలాంటి అన్నయ్యగారు ఒకరోజు ఫోన్ చేసి, స్టేషన్లో అందరూ ఇంట్లోనే సైకిలు తొక్కే యంత్రాలు, ట్రైనర్లట, కొనుక్కున్నారనీ, ఆదివారం పొద్దున ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒక యాప్‌లో, తెర మీద ఒకే రోడ్డు మీద పందెం వేసుకుంటున్నారనీ చెప్పారు. "నువ్వూ రారా గుమ్మడీ, కాస్త ఒళ్లు తగ్గుతుంది."

"నేను గెలిస్తే?" అన్నాడు మా ఆయన.

అవతల పెద్ద నవ్వు. "గెలిస్తే ఇక జన్మలో నిన్ను గుమ్మడీ అనను. నలుగురిలోనూ పేరు పెట్టి పిలుస్తాను."

"ఒట్టా?"

"ఒట్టురా."

వారం తిరక్కుండానే ఇంటికి పెట్టె వచ్చింది. ఇద్దరు మనుషులు మెట్లమీదుగా మోసుకొచ్చి గుమ్మంలో పడేసి, మంచినీళ్లడిగి తాగి వెళ్లారు. మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. వెంట్రుకంత మరలు బిగించే చేతులు కదా, "ఇదెంత" అన్నాడు. మూలనున్న తన సైకిలు వెనక చక్రం ఊడదీసి, చెయిన్ గ్రీజు నా కర్టెన్‌కి తుడిచి, చక్రం ఉండాల్సిన చోట ఆ ట్రైనరుని బిగించాడు. ఊడదీసిన చక్రం సోఫాకి ఆనుకుని, ఎప్పుడు భోజనం పెడతారా అని చూసే చుట్టంలా కూర్చుంది. అంతా అయ్యాక పెట్టె అడుగున ఒక చిన్న లోహపు ఉంగరం మిగిలింది.

"అదేంటండీ?"

"ఇదా? అదనంగా ఇచ్చి ఉంటారు" అని జేబులో వేసుకున్నాడు.

"ఏ వస్తువుకీ ఎవరూ అదనంగా ఇవ్వరండీ. మా ల్యాబులో సెట్టు చేశాక ఒక పన్ను మిగిలితే, నోట్లో ఒకటి తక్కువైందని అర్థం."

వింటేనా! ఎక్కి రెండు తొక్కులు తొక్కాడో లేదో, చెయిన్ తిరిగే పళ్ల చక్రాల గుత్తి కటకటలాడి, చెయిన్ జారి, మోకాలు హ్యాండిల్‌కి తగిలి "అమ్మా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, యంత్రానిదే తప్పన్నాడు. కంపెనీవాళ్లని తిట్టాడు, సైకిలు చేసినవాణ్ణి తిట్టాడు. చివరికి జేబులోంచి ఉంగరం తీసి, గుత్తి వెనక దాని చోట దాన్ని పెట్టి బిగించాక చప్పుడు ఆగింది. అప్పుడు కూడా "చూశావా, చిన్న సవరణ చేశాను" అన్నాడే గానీ, నా మాట నిజమైందని ఒప్పుకోలేదు.

మొదటి ఆదివారం పందెం చూడాలి. ఎదురుగా టీవీ, పక్కన ఫ్యాను, మెడలో తువ్వాలు, ఒంటికి అతుక్కుపోయే నల్లబట్టలు. తెర మీద రోడ్డు, చెట్లు, దూరంగా కొండ. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కొక్క బొమ్మ తొక్కుకుంటూ పోతోంది. చదును మీద మా ఆయన బాగానే వెళ్లాడు. కొండ మొదలయ్యేసరికి బొమ్మ నిలబడిపోయినంత పనైంది. కింది వాటావాళ్లు పైకొచ్చి, పిండిమర ఏమైనా పెట్టారా అని అడిగి వెళ్లారు. ఈలోగా మైకులో అన్నయ్యగారి గొంతు: "గుమ్మడీ, ఎక్కడున్నావురా? మేం పైకెక్కేసి, స్నానాలు చేసి, టీలు కూడా తాగొచ్చాం!" వెనకనుంచి స్టేషన్‌వాళ్లందరి నవ్వులు. ఇప్పుడా పేరు వాళ్లందరికీ తెలిసిపోయింది.

ఆ రాత్రంతా మా ఆయన ఆ యాప్‌ని తిరగేసి బోర్లేసి పరిశోధించాడు. తెల్లారాక నన్ను పిలిచి రహస్యం చెప్పాడు. కొండ మీద యంత్రం మనిషి బరువుని లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే బలంతో తొక్కినా తేలికైనవాడి బొమ్మ చకచకా ఎక్కుతుంది, బరువైనవాడిది దేకుతుంది. అయితే ఆ బరువు యంత్రం తూచదు. మనమే చెప్పాలి. ఏది చెబితే అది నమ్ముతుంది.

"నేను మరీ నిజాయితీగా వేసేశానే" అన్నాడు, తన మంచితనం మీద తనకే జాలేసినట్టు. "బూట్లతో సహా తూచుకున్నాను. బూట్లు తీసేయాలి కదా న్యాయంగా?"

బూట్ల బరువు తీసేశాడు. మర్నాడు బట్టల బరువు తీసేశాడు. నిన్న ఒక రొట్టె తక్కువ తిన్నానని ఒక కిలో తీసేశాడు. ఇక అక్కణ్ణుంచి పగ్గాల్లేవు. ఆదివారం ఆదివారానికీ తెర మీద మా ఆయన చిక్కిపోతూ వచ్చాడు. మా పెళ్లినాటి బరువు దాటాడు. ఆఖరికి నా బరువుకంటే కిందికి దిగాడు. నేను ఊరుకుంటానా? "యంత్రం నమ్ముతుంది సరే, మీ ప్యాంటు నమ్ముతోందా?" అన్నాను.

"ఒక్కసారి, ఒక్కసారి గెలిస్తే చాలే" అన్నాడు. "తరవాత మళ్లీ పెంచేస్తాను."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఆ యాప్‌లో తోటివాళ్ల బరువు అందరికీ కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసే మా ఆయన కెమెరా పాడైందని చెప్పి కట్టేశాడు. అక్క వీడియో కాల్ చేస్తే ఎత్తడం మానేసి, మామూలు ఫోన్ చేసేవాడు. బావకి అనుమానం వస్తుందేమోనని ఆయన భయం. అన్నయ్యగారు ఆటలో దొంగలెక్క పెట్టడమనేది ఊహకి కూడా రాని మనిషి. ఆయనకి వచ్చిన అనుమానం వేరు. పైగా మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, ఆస్పత్రిలో సీనియర్ నర్సు. ఉన్నట్టుండి మనిషి వారానికింత చొప్పున తరిగిపోతుంటే ఏమనుకోవాలో ఆవిడకి బాగా తెలుసు. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది.

ఒకరోజు వదిన ఫోన్ చేసి, "ఏమ్మా, తమ్ముడు సరిగ్గా తింటున్నాడా?" అంది. గొంతు అదోలా ఉంది. ఎదురుగా మా ఆయన నోటినిండా బిస్కెట్లు కుక్కుకుని, 'తినట్లేదని చెప్పు' అని చేతులు తిప్పుతున్నాడు. నాకు నవ్వాగక, "ఆయన్నే అడగండి వదినా" అని ఫోన్ ఇచ్చేశాను.

నోట్లో బిస్కెట్ ఉండడం వల్ల గొంతు హీనంగా వచ్చింది. "ఆకలుండట్లేదక్కా" అన్నాడు.

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"డాక్టరెందుకక్కా? ఎంత హాయిగా ఉందో తెలుసా. ఒళ్లంతా దూదిపింజలా అయిపోయింది. ఏదో గాల్లో తేలిపోతున్నట్టుంది."

వదిన "జాగ్రత్తరా" అని పెట్టేసింది. "చూశావా, అక్కకి కుళ్లు" అన్నాడు మా ఆయన, ఇంకో బిస్కెట్ తీసుకుంటూ.

ఆ తరవాతి ఆదివారం గెలిచాడు!

నేనూ పక్కనే ఉన్నాను. కొండ మధ్యకి వచ్చేసరికి అందరూ వెనకబడ్డారు, ముందు అన్నయ్యగారి బొమ్మ ఒక్కటే. మా ఆయన ముఖం కందిపోయింది, రొప్పు మైకులో ఈదురుగాలిలా వినిపిస్తోంది. చివరి మలుపులో అన్నయ్యగారి బొమ్మ మెల్లబడింది. ఇంకా మెల్లబడింది. "అలిసిపోయాడు! బావ అలిసిపోయాడే!" అని అరుస్తూ మా ఆయన సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. దాటేశాడు. దొంగబరువని తెలిసి కూడా నేను సోఫా ఎక్కి ఎగిరాను, దాచుకోవడమెందుకు! సోఫాకి ఆనించిన చక్రం కిందపడింది, ఎవరూ పట్టించుకోలేదు.

మైకులో అన్నయ్యగారి గొంతు వచ్చింది. జీరబోయి ఉంది. "గెలిచావు నాన్నా. నువ్వే గెలిచావు. ఇక ఎప్పుడూ ఆ మాట అనను." తరవాత మా ఆయన్ని పేరుపెట్టి పిలిచారు, 'గారు' కూడా చేర్చి.

మా ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. సోమవారం షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ కళ్లు పరీక్షించే ముందు కొండ గురించి చెప్పాడు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, తను రెండూ ఒకే హాల్లో కూర్చుని గెలిచానన్నాడు. నేను మాత్రం ఇంట్లో చెయిన్ గ్రీజు తుడుచుకుంటున్నాను.

అయితే ఆ వారం మధ్యకొచ్చేసరికి ఆయనకి ఏదో తేడా కొట్టింది. అన్నయ్యగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. "ఎలా ఉన్నావు నాన్నా? వేళకి పడుకుంటున్నావా? షాపులో ఎక్కువసేపు కూర్చోకు." జోకుల్లేవు, నవ్వుల్లేవు. మా ఆయన కావాలని "ఏంటి బావా, ముసలాడివైపోయావా? కాళ్లు పనిచేయట్లేదా?" అని గిల్లాడు. పాత అన్నయ్యగారైతే అరగంట సేపు ఆడుకునేవారు. "అవును నాన్నా, నీ అంత శక్తి నాకెక్కడిది" అన్నారట.

ఫోన్ పెట్టేసి మా ఆయన దిగాలుగా కూర్చున్నాడు. "ఇంత మర్యాదేంటే? ఎవరో కొత్తమనిషితో మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. "మర్యాద కోసమేగా ఇంత తొక్కారు, అనుభవించండి" అన్నాను.

మళ్లీ ఆదివారం వచ్చింది. పందేనికి ఇంకా టైముంది. మా ఆయన అతుక్కుపోయే బట్టలు వేసుకుని, సైకిలెక్కి, ఒక చేత్తో గుడ్డు పెట్టిన రొట్టె తింటూ కాళ్లు ఆడిస్తున్నాడు. బెల్ మోగితే తలుపు తీశాను. ఎదురుగా వదిన, చేతిలో పెద్ద సంచి, కళ్లు వాచి ఉన్నాయి. వెనకాల అన్నయ్యగారు, రెండు చేతుల్లో నారింజపళ్ల సంచులు. అంతదూరం నుంచి ఒక్కమాటైనా చెప్పకుండా వచ్చేశారు.

వదిన నన్ను గట్టిగా పట్టుకుంది. "ఎక్కడమ్మా వాడు? మంచం మీదేనా?"

"మంచమేంటి వదినా, సైకిలు మీదున్నారు."

"ఈ స్థితిలో కూడానా!" అని గుండె పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

మా ఆయన అప్పుడే ఇటు తిరిగాడు. ఆ నల్లబట్టల్లో దేన్నీ దాచుకునే చోటుండదు. పొట్ట హ్యాండిల్‌ని ఆనుకుని నిక్షేపంలా ఉంది. బుగ్గలు రొట్టెతో ఇంకాస్త ఉబ్బి ఉన్నాయి. అక్కనీ బావనీ చూసి నమలడం ఆపేశాడు.

వదిన నర్సు కదా, ముందు పని మొదలుపెట్టింది. కనురెప్ప కిందికి లాగి చూసింది. గోళ్లు చూసింది. కాళ్ల మీద వేలితో నొక్కి చూసింది. తరవాత పొట్ట మీద చెయ్యి వేసి, అన్నయ్యగారి వైపు తిరిగి, "ఏమండీ, ఇదంతా నీరు పట్టిందేమోనండీ" అంది.

"నీరు కాదు వదినా, రొట్టె" అన్నాను నేను.

అప్పుడావిడ నన్ను చూసింది, తమ్ముణ్ణి చూసింది, చేతిలో సగం మిగిలిన రొట్టెని చూసింది. బాత్రూమ్‌లోంచి బరువు తూచే మిషను తెమ్మంది. మా ఆయన దిగనన్నాడు. అక్క చెవి పట్టుకుని దింపి, దానిమీద నిలబెట్టింది. మిషను అంకె చూసింది, తన ఫోన్‌లో యాప్ చూసింది, మళ్లీ మిషను చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కముందే మా ఆయన "అదీ, బూట్లు తీసేస్తే..." అని మొదలుపెట్టాడు. మొత్తం బయటపడ్డాక దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"నీ మొహం మండ!" అని వదిన తువ్వాలుతో వీపు మీద బాదింది. "లీవు పెట్టానురా నేను! మా పెద్ద డాక్టరుగారితో మాట్లాడి నీకోసం పడక సిద్ధం చేయించానురా! రోజూ ఏడుస్తూనే డ్యూటీకి వెళ్తున్నాను. చచ్చిపోతున్నావనుకున్నానురా వెధవా!" అని సోఫాలో కూలబడి ఏడ్చింది. నాకు అంతవరకూ ఆగని నవ్వు అప్పుడు ఠక్కున ఆగిపోయింది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ ఫోన్ కాల్ గుర్తొచ్చి నాక్కూడా కళ్లు చెమర్చాయి.

అన్నయ్యగారు నారింజపళ్ల సంచులు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డారు. అది చూడలేక మా ఆయన నవ్వించబోయాడు. "బరువు అబద్ధమే అనుకో బావా. కానీ తొక్కింది నా కాళ్లేగా? గెలుపు గెలుపేగా?"

వదిన తలెత్తింది. "గెలుపా? చివరి మలుపు దగ్గర మీ బావ తొక్కడం ఆపేశార్రా. నేను పక్కనే ఉన్నాను. పెడల్స్ మీద కాళ్లు పెట్టుకుని, నువ్వు దాటేదాకా తెర చూస్తూ కూర్చున్నారు. కళ్లలో నీళ్లు. 'వాడికి ఈ ఒక్క కోరికైనా తీరనీ' అన్నారు. వారం నుంచీ స్టేషన్లో అందరూ ఈయన్ని వేళాకోళం చేస్తున్నారు, కళ్లజోళ్లు అమ్ముకునేవాడి చేతిలో ఓడిపోయిన ఆఫీసరని. ఒక్కరికీ ఒక్కమాట తిరిగి చెప్పలేదు మనిషి."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అన్నారు అన్నయ్యగారు.

మా ఆయన ముఖం చూడలేకపోయాను. షాపులో ఆ ప్రిన్సిపాల్‌గారి ముందు కూడా అలా అవలేదు. తనని ఒక్క మనిషి ముందు గుమ్మడీ అన్నందుకు గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఈయన. స్టేషన్ స్టేషనంతా నవ్వుతుంటే తనకోసం నోరు మూసుకు కూర్చున్నవాడు ఆయన. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఎవరికైనా కష్టమే. మా ఆయన చేతిలో రొట్టె బల్లమీద పెట్టేశాడు.

టీవీలో టింగుమని మోగింది. పందేనికి అందరూ చేరుతున్నారు. మా ఆయన సైకిలెక్కి, ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టాడు. "మిషను ఎంత చూపించిందో అంతే వెయ్యక్కా."

"బూట్లతో సహానా?" అంది వదిన ముక్కు తుడుచుకుంటూ.

"బూట్లతో సహా."

తరవాత కెమెరా పెట్టాడు. బరువు తగ్గించి వేయడం మొదలుపెట్టాక స్టేషన్‌వాళ్లు ఈయన్ని చూడడం అదే మొదటిసారి. "ఇదా ఆ బక్కమనిషి!" అని ఎవరో అన్నారు, నవ్వులు మిన్నంటాయి. మా ఆయన నవ్వులన్నీ అయ్యేదాకా ఆగాడు. "పోయినవారం నేను గెలవలేదండీ. బరువు దొంగలెక్క వేశాను. అది చూసి నాకేదో జబ్బని మా బావ భయపడి, తొక్కడం ఆపేసి గెలిపించాడు. మీరు నవ్వాల్సింది నన్ను చూసి. ఆయన్ని చూసి కాదు" అన్నాడు. ఆయన నా మొగుడని నాకు ఎప్పుడూ లేనంత గర్వమేసింది. కార్పెట్టు సంగతి ఆ పూటకి మర్చిపోయాను.

పందెం మొదలైంది. కొండ రాగానే మా ఆయన అసలు బరువంతా తెర మీదకొచ్చి కూర్చుంది. అందరూ మలుపులు తిరిగి మాయమైపోయారు. ఈయన బొమ్మ ఒక్కటే రోడ్డు మీద దేకుతోంది. అన్నయ్యగారు సంచులు కింద పడేసి పక్కకొచ్చి నిలబడ్డారు. ఫ్యాను ఇటు తిప్పారు, నీళ్లసీసా అందించారు. మధ్యదాకా వచ్చేసరికి మా ఆయన కాళ్లు ఆగిపోతున్నాయి.

"చాల్లే నాన్నా, దిగిపో" అన్నారు అన్నయ్యగారు మెల్లగా.

"నాన్నా ఏంటి బావా!" అని మా ఆయన రొప్పుతూనే కసిరాడు. "ఒళ్లు మండుతోంది. సరిగ్గా తిట్టు!"

"ఒట్టేశాను కదరా."

"గెలిస్తే కదా ఒట్టు! నేను గెలవలేదుగా!"

అన్నయ్యగారు వారం రోజులుగా బిగబట్టుకున్న ఊపిరంతా ఒక్కసారిగా వదిలి, "తొక్కరా గుమ్మడీ!" అని అరిచారు. మంటల చప్పుణ్ణి మించి వినబడేలా అరిచే గొంతు అది. కింది వాటావాళ్లు ఈసారి పైకి రావడానికి కూడా భయపడ్డారు. వదిన కళ్లు తుడుచుకుంటూ తనూ అందుకుంది, నేనూ అందుకున్నాను. ముగ్గురం హాల్లో నిలబడి ఒక పెద్దమనిషిని గుమ్మడీ గుమ్మడీ అని కేకలేస్తుంటే, ఆయన పళ్లు బిగించి, ఒక్కొక్క తొక్కూ లాగి లాగి, అందరూ దిగి వెళ్లిపోయాక, కొండపైకి చేరాడు.

దిగినప్పుడు కాళ్లు నిలవలేదు. అన్నయ్యగారే పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, నారింజ ఒలిచి నోట్లో పెట్టారు. మా ఆయన అది నమిలి మింగి, ఊపిరి కుదుటపడ్డాక, "బావా, ఒక్కమాట నిజం చెప్పు" అన్నాడు. "పోయినవారం నువ్వు ఆపకపోయి ఉంటే, అంత తేలిక బరువుతో, నేను గెలిచేవాణ్ణేనా?"

వెనకనుంచి వదిన అవునని చెప్పమని తల ఊపింది. నేను కూడా సైగ చేశాను. అంత కష్టపడ్డ మనిషికి ఆమాత్రం ఇస్తే ఏం పోతుంది? అన్నయ్యగారు మా ఇద్దర్నీ చూశారు. చేతికంటిన రసం తువ్వాలుకి తుడుచుకున్నారు. మా ఆయన కళ్లలోకి చూశారు.

"లేదు" అన్నారు. "నువ్వు దారప్పోగు బరువు వేసుకున్నా నా దరిదాపుల్లోకి రాలేవు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. గెలిచిన రోజు కూడా ఆ వెలుగు లేదు. "అయితే ఎక్కు, ఎక్కి చూపించు!" అని, నిలవని కాళ్ల మీదే లేచి, బావ కాళ్ల పొడుక్కి సరిపోయేలా సీటు పైకి జరపడం మొదలుపెట్టాడు.